కూర్చునే చోట నొప్పి, ఎమ్మారైలో గడ్డ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

వెన్నెముక అడుగున వచ్చే గడ్డల గురించి విజయవాడ, గుంటూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఎముకల కేన్సర్ సర్జన్లు, రేడియాలజిస్టులు కలిసి ఇచ్చిన జవాబులివి. ఎస్‌1, ఎస్‌2 అన్న మాటలు పదేపదే వస్తాయి కాబట్టి ఒక్క ముక్క ముందే చెబుతాం. నడుము అయిదో పూస (ఎల్‌5) కింద అయిదు పూసలు అతుక్కుపోయి ఒకే ఎముకగా ఉంటాయి. అదే త్రికాస్థి, డాక్టర్ల మాటలో సేక్రమ్. ఆ పూసలకు పైనుంచి కిందికి ఎస్‌1 నుంచి ఎస్‌5 వరకు పేర్లు, అక్కడి నరాలకూ అవే పేర్లు. దాని కొసన ఉండేది తోక ఎముక.

ప్రశ్న: మా నాన్నగారికి 56 ఏళ్లు, మిర్చి యార్డులో గుమాస్తా. ఏడాదిన్నరగా తోక ఎముక పైన నొప్పి. కూర్చుంటే ఎక్కువవుతుంది, రాత్రి పడుకున్నా తగ్గదు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. నడుము ఎమ్మారైలో ఎల్‌4-ఎల్‌5 డిస్కు కాస్త ఉబ్బిందని మందులిచ్చారు. రెండు నెలలుగా మలబద్ధకం. మూత్రం రావడానికి కూడా కాసేపు ఆగాల్సి వస్తోంది. వయసుకి ప్రోస్టేట్ అయ్యుంటుందంటున్నారు. ఇంకేం పరీక్షలు చేయించాలి?
– ఆర్., బ్రాడీపేట, గుంటూరు

జవాబు: డిస్కు నొప్పి సాధారణంగా పడుకుంటే తగ్గుతుంది. రాత్రిపూట నిద్రలేపే నొప్పి, కూర్చోగానే పెరిగే నొప్పి, దానికి తోడు కొత్తగా మొదలైన మలబద్ధకం, మూత్రం ఆలస్యం: ఈ నాలుగూ ఒకే మనిషిలో కనబడితే త్రికాస్థిని చూడకుండా వదలకూడదు. 56 ఏళ్ల వ్యక్తికి డిస్కు ఉబ్బు ఎమ్మారైలో కనబడడం మామూలే. నొప్పికి అదే కారణమని దానితో రుజువు కాదు.

ఎక్స్‌రేలో ఏమీ లేదంటే నమ్మకం పెట్టుకోకండి. త్రికాస్థి ముందు పేగుల్లోని గాలి, మలం అడ్డం వస్తాయి. ఎముక కూడా వంపు తిరిగి ఉంటుంది. గడ్డ పెద్దదైనా తప్పిపోతుంది. నడుము ఎమ్మారైది ఇంకో ఇబ్బంది. స్కాన్ బొమ్మల్లో నిలువు కోతలు త్రికాస్థి పైభాగం దాకా వచ్చి ఆగిపోతాయి, అడ్డకోతలు ఎల్‌5-ఎస్‌1 దగ్గరే ముగుస్తాయి. కింద ఎస్‌3, ఎస్‌4లో ఉన్న గడ్డ ఫిల్ము బయటే ఉండిపోతుంది. పాత ఫిల్ము మళ్లీ చూపిస్తే అంచున దాని కొస కనబడడం అరుదేమీ కాదు. కాబట్టి ఆ సీడీ పారేయకండి.

ముందు చేయవలసింది ఖర్చులేని పరీక్ష. డాక్టరు గ్లౌజు వేసుకుని మలద్వారం గుండా వేలితో చూస్తే ప్రోస్టేట్ ఎంతుందో తెలుస్తుంది. వెనుకవైపు ఎముకను ఆనుకుని గట్టి ఉబ్బు ఉంటే, పైన పేగు పొర నున్నగానే జారుతుండగా వేలికి తగులుతుంది. మొహమాటంతో ఇటు రోగి, అటు డాక్టరు ఇద్దరూ దాటవేసే పరీక్ష ఇదే.

తర్వాత ఎమ్మారై. చీటీ మీద ‘సేక్రమ్, పెల్విస్, తోక ఎముక కొస దాకా, కాంట్రాస్టుతో’ అని రాయించండి. కాంట్రాస్టు అంటే నరంలోకి ఎక్కించే రంగు మందు, అది ఇచ్చేముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాలి. నిలువు, అడ్డ కోతలతో పాటు త్రికాస్థి వాలుకు సమాంతరంగా తీసిన కోతలు కూడా ఉంటే నరాల మూలాలు ఒక్కొక్కటీ విడివిడిగా కనబడతాయి. దాంతోపాటు సీటీ తీస్తే గడ్డ ఎముకను ఎంత తినేసిందో, దానిలో సున్నపు మచ్చలు ఉన్నాయో లేదో తెలుస్తుంది.

ఈ వయసులో త్రికాస్థిలో గడ్డ అంటే మొదట అనుమానించేది వేరేచోటి నుంచి పాకిన కేన్సరునే. ప్రోస్టేట్, ఊపిరితిత్తి, కిడ్నీ, థైరాయిడ్ అన్నీ చూడాలి. ప్రోస్టేట్ కోసం పీఎస్‌ఏ రక్తపరీక్ష, ఛాతీ నుంచి కడుపు దాకా సీటీ, మైలోమా (ఎముక మజ్జ కేన్సర్) కోసం సీరమ్ ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్, ఫ్రీ లైట్ చెయిన్స్ ముందే చేయిస్తే కొందరికి త్రికాస్థి మీద పెద్ద ఆపరేషన్ అవసరమే ఉండదు. మైలోమా రకం గడ్డ రేడియేషన్‌కు బాగా లొంగుతుంది. త్రికాస్థిలోనే పుట్టే కేన్సర్లలో ఎక్కువగా కనబడేది కార్డోమా. పిండదశలో వెన్ను ఏర్పడేటప్పుడు మిగిలిపోయిన కణాల నుంచి వస్తుంది. ఏటా పది లక్షల మందిలో ఒకరికి వచ్చేటంత అరుదు. నిదానంగా పెరుగుతుంది కాబట్టే ఏడాది, రెండేళ్లు నడుం నొప్పి ఖాతాలో గడిచిపోతాయి. ఎమ్మారైలో టి2 అనే రకం బొమ్మల్లో తెల్లగా మెరుస్తూ, మధ్యరేఖలో, ఎముకను తిని ముందుకు పొడుచుకొచ్చే గడ్డ అయితే మొదటి అనుమానం దీని మీదే. మన దగ్గర క్షయ కూడా ఇలాగే ఎముకను తింటుంది, దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

ఒక హెచ్చరిక. మూత్రం పూర్తిగా ఆగిపోయినా, సైకిల్ సీటు తగిలే చోటంతా మొద్దుబారినా, పాదం జారిపోతున్నా తెల్లారేదాకా ఆగొద్దు. ఆ రాత్రే ఆస్పత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ప్రశ్న: మా అన్నయ్యకు ఎస్‌3, ఎస్‌4 దగ్గర 7 సెంటీమీటర్ల గడ్డ. రిపోర్టులో కార్డోమా కావచ్చని ఉంది. మలద్వారం గుండా సూదితో ముక్క తీస్తే సులువని ఒకరన్నారు. మరొకరు వెనుక నుంచే తీయాలన్నారు. బంధువులేమో అసలు సూది తగిలితే కేన్సర్ పాకుతుందని భయపెడుతున్నారు. ఏది నమ్మాలి?
– కె., పటమట, విజయవాడ

జవాబు: వెనుక నుంచే. మలద్వారం గుండా వద్దు. గడ్డకూ పురీషనాళానికీ మధ్య ఒక గట్టి పొర ఉంటుంది. కార్డోమా చాలాకాలం దాన్ని దాటదు. సూది పేగు గుండా వెళితే ఆ పొరకు బొక్క పడి, గడ్డ కణాలు పేగు గోడలో చేరతాయి. అప్పుడు ఆపరేషన్‌లో గడ్డతో పాటు ఆ పేగు ముక్కను కూడా తీసేయాలి, పొట్టమీద మలం సంచి పెట్టుకునే పరిస్థితి రావచ్చు. పేగులోని క్రిములు గడ్డలోకి చేరే ప్రమాదం అదనం. దగ్గరి దారి కదా అని ఒప్పుకోకండి.

బంధువుల భయం పూర్తిగా తప్పు కాదు, కానీ దానికి పరిష్కారం సూది మానేయడం కాదు. ఆ దారిని తర్వాత గడ్డతో కలిపి తీసేయగలిగేలా సూది గుచ్చాలి. అందుకే ఆపరేషన్ చేయబోయే సర్జన్, రేడియాలజిస్టు కలిసి కూర్చుని సూది ఎక్కడ గుచ్చాలో నిర్ణయించుకోవాలి. రోగిని బోర్లా పడుకోబెట్టి, సీటీలో చూస్తూ, మధ్యరేఖకు దగ్గరగా, రేపు కోత పడే గీత మీదుగానే సూది వెళ్లాలి. పక్కన పిరుదు కండరంలోంచి పోనివ్వకూడదు. గడ్డ తీశాక ఏర్పడే గుంతను పూడ్చేది ఆ కండరంతోనే. దానిలో కణాలు చేరితే మొత్తం పథకం పాడవుతుంది. సూది గుచ్చిన చోట చిన్న చుక్క పచ్చబొట్టు వేయించండి. లేకపోతే నెలన్నర తర్వాత చర్మం మీద సూది గుచ్చిన చోటు దొరకదు.

సన్నని సూదితో కణాలు లాగి చూసే ఎఫ్‌ఎన్‌ఏసీ సరిపోదు. లోపల ఖాళీగా ఉండే లావు సూదితో నాలుగు నుంచి ఆరు ముక్కలు తీయాలి. రక్తం సరిగా గడ్డకడుతుందో లేదో తెలియడానికి ముందురోజు ప్లేట్‌లెట్లు, ఐఎన్‌ఆర్ చూస్తారు. గుండె కోసం రక్తం పలచబరిచే క్లోపిడోగ్రెల్ వాడుతుంటే అయిదు నుంచి ఏడు రోజులు ఆపాలి, అదీ గుండె డాక్టరు సరేనంటేనే.

ముక్కలు తీశాక జరిగే పొరపాట్లు రెండున్నాయి. అన్నీ ఒకే ఫార్మలిన్ డబ్బాలో వేసేస్తారు. ఫార్మలిన్‌లో పడితే క్షయ క్రిమి కల్చర్‌కు ఇక పనికిరాదు. కనీసం ఒక ముక్కను సెలైన్‌లో వేరుగా పంపి సీబీనాట్ (క్షయ క్రిమిని త్వరగా పట్టే పరీక్ష), కల్చర్ అడగండి. రెండోది, ల్యాబులో ఎముక ముక్కలను మెత్తబరచడానికి ఆసిడ్‌లో నానబెడతారు. దాంతో జన్యు పరీక్షలు దెబ్బతింటాయి. మెత్తటి ముక్కలను విడిగా ఉంచమని చీటీ మీద రాయించండి.

పేథాలజీ రిపోర్టులో బ్రాకియూరీ అనే రంగు పరీక్ష ఉందో లేదో చూసుకోండి. కార్డోమాను దాన్ని పోలిన గడ్డల నుంచి విడదీసేది ఎక్కువగా అదే. మైనపు బ్లాకులు, స్లైడులు ల్యాబు నుంచి అడిగి తీసుకుని దాచుకోండి. రెండో అభిప్రాయానికి హైదరాబాదు, చెన్నై వెళితే మొదట అడిగేవి అవే. ఎమ్మారై కూడా ఫిల్ము కాదు, సీడీ కావాలి. ఫిల్ము మీద కొలతలు తీయలేరు.

ప్రశ్న: కార్డోమా ఖాయమైంది. గడ్డ పైఅంచు ఎస్‌2 దాకా వచ్చింది. ఆపరేషన్ తర్వాత జీవితాంతం మూత్రానికి గొట్టం అంటున్నారు. నిజమేనా? కీమో, రేడియేషన్‌తో సరిపెట్టలేమా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఏ నరాలు దక్కుతాయన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇది సర్జన్ చేతివాటం కన్నా గడ్డ ఎత్తు నిర్ణయించే విషయం.

రెండు వైపులా ఎస్‌2 నరాలు, కనీసం ఒక వైపు ఎస్‌3 నిలిస్తే చాలామందికి మూత్రం, మలం అదుపులో ఉంటాయి. ఎస్‌2లు రెండూ ఉండి ఎస్‌3లు రెండూ పోతే కొందరికి దక్కుతుంది, కొందరికి పోతుంది. ఎస్‌2లు రెండూ పోతే దాదాపు అందరికీ పోతుంది. మగవారికి అంగస్తంభన కూడా వీటి మీదే ఆధారపడుతుంది. అడగడానికి సిగ్గుపడకండి, ఆపరేషన్‌కు ముందే మాట్లాడాలి. నరాలు ఒక పక్కవి మాత్రమే పోయి రెండో పక్కవి అన్నీ నిలిస్తే అదుపు సాధారణంగా నిలబడుతుంది. ఎస్‌4, ఎస్‌5 పోతే కొంత మొద్దుబారడం తప్ప పెద్ద నష్టం లేదు. నడకకు ముఖ్యమైనది ఎస్‌1. అది పోతే పాదం నేలను వెనక్కి తన్నే బలం తగ్గుతుంది. ఎస్‌1 ఎముక కూడా చాలావరకు తీయాల్సివస్తే నడుముకూ కటి ఎముకలకూ రాడ్లు, స్క్రూలు బిగించాలి.

కాబట్టి సర్జన్‌ను ‘ఆపరేషన్ సక్సెస్ అవుతుందా’ అని అడగకండి. ‘కోత ఏ పూస దగ్గర? ఎస్‌2, ఎస్‌3 నరాల్లో ఎన్ని మిగులుతాయి?’ అని అడగండి. సూటిగా జవాబిచ్చే చోటే చేయించండి. నరం కాపాడాలని గడ్డ మీద గీసినట్టు కోస్తే గడ్డ చిరిగి లోపల చిమ్ముతుంది. తిరిగి వచ్చే అవకాశం అప్పుడే బాగా పెరుగుతుంది. రెండోసారి ఆపరేషన్ మొదటిదాని కంటే ఎంతో కష్టం. గడ్డను చుట్టూ మంచి కండతో కలిపి ఒకే ముద్దగా తీయడమే ఈ వైద్యానికి మూలం.

ఆపరేషన్‌కు ముందురోజో రెండ్రోజుల ముందో తొడ దగ్గరి రక్తనాళం గుండా వెళ్లి గడ్డకు రక్తం తెచ్చే నాళాలను మూసేస్తే రక్తస్రావం తగ్గుతుంది. పై పూసలకు ముందు పొట్ట వైపు నుంచీ తర్వాత వెనుక నుంచీ రెండు దఫాలు పట్టవచ్చు. తర్వాత ఎక్కువమందిని బాధించేది పుండు. మలద్వారానికి దగ్గర, లోపల పెద్ద గుంత, ఎప్పుడూ ఒరిపిడి: ఇన్ఫెక్షన్‌కు ఇంతకంటే అనువైన చోటు లేదు. ప్లాస్టిక్ సర్జన్ మొదటిరోజే ఆపరేషన్ గదిలో ఉండి కండరంతో గుంత పూడ్చాలి. మొదటి వారాల్లో వెల్లకిలా పడుకోనివ్వరు.

మూత్రం అదుపు పోయినా శాశ్వతంగా గొట్టం వేలాడాల్సిన పనిలేదు. చేతులు సబ్బుతో కడుక్కుని, రోజుకు నాలుగైదు సార్లు సన్నని గొట్టం తామే పెట్టుకుని, ఖాళీచేసి తీసేయడం చాలామంది వారం రోజుల్లో నేర్చుకుంటారు. ఒక్కోసారి 400 నుంచి 500 మిల్లీలీటర్లు మించి నిలవనివ్వకూడదు, మించితే కిడ్నీలకు చేటు. దానికి రాత్రి పడుకునేముందు నీళ్లు తగ్గించి పగలు సర్దుకోవాలి. మలానికి రోజూ ఒకే వేళ, తిన్న 20, 30 నిమిషాల తర్వాత కూర్చోవడం, అవసరమైతే గ్లౌజు వేలితో తీసేయడం. ఇక్కడ మలం కాస్త గట్టిగా ఉండడమే మేలు, విరేచన మందు అతిగా వాడితే బట్టలు పాడవుతాయి. పిరుదులు మొద్దుబారినవారు వేడినీళ్ల సంచి పెట్టుకోవద్దు, కాలిందని కూడా తెలియదు. మధ్యలో బొక్కున్న ట్యూబు దిండు కూడా వద్దు, అంచున చర్మం నొక్కుకుపోతుంది. రోజూ అద్దంలో ఎర్రబడిన చోటు చూసుకోవాలి.

కీమో ఈ గడ్డ మీద దాదాపు పనిచేయదు. రేడియేషన్ పనిచేయాలంటే డోసు 70 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ కొలత) పైన కావాలి. పక్కనున్న పేగు అంత భరించలేదు. అందుకే ప్రోటాన్ రేడియేషన్ అడుగుతారు. అది గడ్డలో దిగిపోయి ముందుకు వెళ్లకుండా ఆగుతుంది. మనకు దగ్గర్లో ఉన్నది చెన్నైలోని అపోలో ప్రోటాన్ కేన్సర్ సెంటర్, 2019లో మొదలైంది. ముంబయి పక్కన ఖార్‌ఘర్‌లో టాటా మెమోరియల్ వారి ఆక్ట్రెక్‌లో కూడా 2023 నుంచి ఉంది. వారానికి అయిదు చొప్పున ఏడెనిమిది వారాలు పడుతుంది, అక్కడ ఉండేందుకు గది, తోడు మనిషి ముందే చూసుకోవాలి. మీలాగా గడ్డ ఎస్‌2 దాకా వచ్చి ఆపరేషన్‌తో ఎస్‌2లు రెండూ పోతాయన్నవారిలో ఆపరేషన్ లేకుండా ఎక్కువ డోసు రేడియేషన్ మాత్రమే ఇవ్వడం కూడా ఒక దారే. ఎంచుకునేముందు సర్జన్, రేడియేషన్ డాక్టరు ఇద్దరి మాటా వినండి. స్టీలు, టైటానియం రాడ్లు బిగించాక ఎమ్మారైలో మసక వస్తుంది, రేడియేషన్ లెక్క కష్టమవుతుంది. రేడియేషన్ డాక్టరును ఆపరేషన్‌కు ముందే కలవాలనేది అందుకే.

తర్వాత అయిదేళ్లపాటు ఆర్నెల్లకోసారి ఎమ్మారై, ఊపిరితిత్తులకు సీటీ. ఆపైన ఏడాదికోసారి. పదేళ్ల తర్వాత కూడా తిరిగి వచ్చే జబ్బిది. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే ఆస్పత్రిలోని వైద్యమిత్ర దగ్గర ముందస్తు అనుమతి అడగండి, ఆపరేషన్ అయ్యాక అడిగితే లాభం లేదు.

ప్రశ్న: మా అమ్మాయికి 26 ఏళ్లు. ఎస్‌1, ఎస్‌2లో జెయింట్ సెల్ ట్యూమర్ అని బయాప్సీలో వచ్చింది, కేన్సర్ కాదన్నారు. డెనోసుమాబ్ ఇంజెక్షన్ రాశారు. మందుల షాపులో ఆర్నెల్లకోసారి వేసుకునేదని చెప్పారు. డాక్టరు నెలకోసారి అన్నారు. పెళ్లి చేయాలనుకుంటున్నాం.
– ఎస్., మంగళగిరి

జవాబు: డాక్టరు చెప్పిందే సరైనది. ఒకే మందు రెండు మోతాదుల్లో వస్తుంది. ఎముకలు పలచబడ్డవారికి 60 మిల్లీగ్రాములు ఆర్నెల్లకోసారి. ఈ గడ్డకు 120 మిల్లీగ్రాములు 28 రోజులకోసారి, మొదటి నెలలో అదనంగా 8వ రోజు, 15వ రోజు కూడా. పెట్టె మీద 120 అని చూసి మరీ కొనండి.

మొదలుపెట్టేముందు రక్తంలో కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్ చూడాలి. ఆ గ్రంథి ఎక్కువ పనిచేస్తే ఎముకలో అచ్చం ఇలాంటి గడ్డే వస్తుంది, మైక్రోస్కోపులోనూ ఇలాగే కనబడుతుంది. అప్పుడు వైద్యం మెడలోని గ్రంథికి, నడుముకు కాదు. పంటి డాక్టరుకు కూడా చూపించి పీకాల్సిన పళ్లు ముందే పీకించండి. ఈ మందు వాడుతుండగా పన్ను పీకితే దవడ ఎముక మానకుండా పోవచ్చు. రోజూ కాల్షియం, విటమిన్ డి తప్పనిసరి. నోటి చుట్టూ తిమ్మిరి, చేతులు కొంకర్లు పోతే కాల్షియం పడిపోయిందని అర్థం.

ఈ మందు గడ్డను గట్టిపరుస్తుంది, నొప్పి తగ్గిస్తుంది, మొదలంటా తీసేయదు. ఆపితే మళ్లీ పెరగవచ్చు. పైపూసలు కాబట్టి మొత్తం తీస్తే నరాలు పోతాయి. అందుకే కొందరికి గోకి తీస్తారు, కొందరికి రక్తనాళాలు నెలా నెలన్నరకోసారి మూస్తూ పోతారు. ఈ వయసులో రేడియేషన్ చివరి మాట, ఏళ్ల తర్వాత అదే చోట కేన్సర్ పుట్టే ప్రమాదం ఉంది. పెళ్లికి అడ్డం లేదు, గర్భానికి మాత్రం ఉంది. మందు వాడుతున్నంతకాలం, ఆఖరి ఇంజెక్షన్ తర్వాత కనీసం అయిదు నెలలు గర్భం రాకూడదు. అబ్బాయి వాళ్లకు ఆ సంగతి ముందే చెప్పడం మేలని మా ఉద్దేశం.

ప్రశ్న: అమ్మకు 68 ఏళ్లు. రెండేళ్ల కిందట గర్భాశయ ముఖద్వార కేన్సర్‌కు రేడియేషన్ ఇచ్చారు. ఇప్పుడు నడుం కింద భరించలేని నొప్పి. పెట్ స్కాన్‌లో త్రికాస్థి రెండు పక్కలా వెలిగింది. ఎముకలకు పాకిందని చెప్పి మళ్లీ రేడియేషన్ అంటున్నారు.
– వి., సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఒప్పుకునేముందు ఒక ఎమ్మారై, ఒక సీటీ చేయించండి. రేడియేషన్ తగిలిన ఎముక పెళుసెక్కి, మనిషి కింద పడకపోయినా చీలుతుంది. ముసలివయసులో ఇది మామూలు. చీలిక రెండు పక్కలా నిలువుగా, కీలుకు సమాంతరంగా వచ్చి, మధ్యలో అడ్డగీత కలిస్తే ఇంగ్లిషు హెచ్ అక్షరంలా కనబడుతుంది. సీటీలో పగులు గీత కనబడి గడ్డ ఏదీ లేకపోతే అది పగులే. పెట్ స్కాన్‌లో ఇదీ వెలుగుతుంది. దీనికి మళ్లీ రేడియేషన్ ఇస్తే ఎముక ఇంకా చెడుతుంది. విటమిన్ డి, కాల్షియం, వాకర్, నొప్పి మందు, ఎముక బలానికి మందు చాలు. నొప్పి తగ్గడానికి నెలలు పడుతుంది. ఒక పక్కనే ఉండి, ఎముక బయటికి మెత్తటి గడ్డ పొడుచుకొస్తే మాత్రం బయాప్సీ తప్పదు.

ప్రశ్న: మా మనవరాలికి 20 రోజులు. పుట్టినప్పుడే తోక ఎముక దగ్గర నిమ్మకాయంత గడ్డ ఉంది. కాస్త పెద్దయ్యాక తీయించుకోవచ్చా?
– ఎ., పొన్నూరు

జవాబు: ఆగొద్దు. ఇది చాలావరకు టెరటోమా, అంటే పిండదశ కణాల నుంచి పుట్టే గడ్డ. ఆడపిల్లల్లో ఎక్కువ. పుట్టినప్పుడు దాదాపు ఎప్పుడూ అపాయం లేనిదే, రెండు నెలలు దాటితే కేన్సర్‌గా మారే అవకాశం పెరుగుతూపోతుంది. బయటికి కనబడేది కొంతే, లోపల కడుపు దాకా ఉండవచ్చు కాబట్టి అల్ట్రాసౌండ్, ఎమ్మారై కావాలి. వెన్ను పొర ఉబ్బిన గడ్డ కూడా ఇలాగే ఉంటుంది. ఎమ్మారైకి ముందు ఎవరినీ సూది గుచ్చనివ్వకండి. ఆపరేషన్‌లో గడ్డతో పాటు తోక ఎముక మొత్తం తీయాలి. వదిలేస్తే తిరిగి వస్తుంది. ఆ మాట చిన్నపిల్లల సర్జన్ నోట విని, డిశ్చార్జి కాగితంలో రాసి ఉందో చూసుకోండి. ఈ గడ్డ జాడ చూడడానికి చేసే ఏఎఫ్‌పీ రక్తపరీక్ష అంకె పుట్టిన పిల్లల్లో వేలల్లో ఉంటుంది, భయపడకండి. నెలనెలా దిగుతోందా లేదా అన్నదే ముఖ్యం. దిగి మళ్లీ పెరిగితే అదే హెచ్చరిక. మూడేళ్లపాటు మూడు నెలలకోసారి చూపించాలి.

ప్రశ్న: నడుం నొప్పికి ఎమ్మారై తీస్తే ఎస్‌2 దగ్గర 12 మిల్లీమీటర్ల ‘టార్లోవ్ సిస్ట్’ అని వచ్చింది. గడ్డేనా? తీయించాలా?
– పి., గుణదల, విజయవాడ

జవాబు: నరం తొడుగులో నీరు నిలిచిన సంచి అది. ఎంతోమందికి ఉంటుంది, తెలియకుండానే బతికేస్తారు. కేన్సర్ కాదు, కేన్సర్‌గా మారదు. 12 మిల్లీమీటర్లకు ఏమీ చేయనక్కర్లేదు. మీ నొప్పికి కారణం మరెక్కడో వెతకాలి.